పెంకు కింద చెక్క

"పాత చెక్క పలకలన్నీ పీకేశాకే కొత్త పెంకులు వేశావా, పైక్?"

"వేశాను."

"పీకిన చెక్కంతా ఏం చేశావు?"

"ఏం చేస్తారు మేడమ్, ఊరగాయ పెట్టుకుంటారా? డంపింగ్ యార్డుకి తోలాను."

శుక్రవారం పొద్దున తొమ్మిదీ పది అయింది. రాండల్ పైక్ తన గోడౌన్ ముందు ట్రక్కుకి ఆనుకుని కాఫీ తాగుతున్నాడు. నలభై అయిదేళ్ల మనిషి. కాపర్ ఫోర్క్‌లో ఇళ్ల పైకప్పులు మార్చే కాంట్రాక్టర్లు నలుగురుంటే ముగ్గురికి వచ్చే మార్చి దాకా ఊపిరాడని పని. పిలిచిన వారంలో వచ్చేది పైక్ ఒక్కడే.

అతని ఎదురుగా నిలబడ్డ నెల్ ఎచెవెరి పద్దెనిమిదేళ్లు ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసింది. కాలిపోయిన ఇంట్లో నిప్పు ఏ మూల పుట్టిందో కనిపెట్టడం ఆమె పని. ఇప్పుడు సొంతంగా డిటెక్టివ్. ఈ కేసు అప్పగించింది వెరా మెరిక్. వెరా భర్త ఓటిస్ మెరిక్ సిటీ ఆఫీసులో పైకప్పుల ఇన్‌స్పెక్టర్. మంగళవారం మధ్యాహ్నం క్వెయిల్ హిల్ కొండ మీద పద్దెనిమిదో నంబరు ఇంటి వెనక, సిమెంటు గచ్చు మీద చచ్చిపడి ఉన్నాడు. కప్పు చూడ్డానికి ఎక్కి కాలు జారాడని రాసి పోలీసులు బుధవారానికల్లా ఫైలు మూసేశారు. వెరా నమ్మలేదు. నెల్ కూడా నమ్మలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నిచ్చెన ఎలా వేయాలో ఆమెకి నేర్పింది, అప్పట్లో ఫైర్ డిపార్ట్‌మెంట్‌లోనే ఉన్న ఓటిసే.

"ఆ పద్దెనిమిదో నంబరు ఇంటి చెక్క ఏ తారీఖున తోలావు?"

"ఏప్రిల్ పధ్నాలుగు, పదిహేను. పుస్తకంలో రాసుంది."

"ఏప్రిల్ తొమ్మిది నుంచి ఇరవై రెండు దాకా యార్డు మూసేశారు. కొండచరియ విరిగి గేటుకి అడ్డంగా పడింది. నా ఇంటి చెత్త రెండు వారాలు నా షెడ్డులోనే కంపు కొట్టింది. నీ లారీని మాత్రం ఎవరు రానిచ్చారు?"

కాఫీ కప్పు పైక్ పెదాల దాకా వెళ్లి ఆగింది.

"తారీఖు కాస్త అటూ ఇటూ అయ్యుంటుంది."

"ఎంత అటు? ఎంత ఇటు?"

పైక్ కాఫీ తాగేశాడు. కప్పు నలిపి ట్రక్కులోకి విసిరాడు. గొంతులో వెటకారం పోయింది.

"చూడండి మేడమ్. ఇది అడవి తగలబడే ఊరు కాబట్టి రూలు పెట్టారు. పాత కప్పు పీకాలి. కొత్త ప్లైవుడ్ పరవాలి. దాని మీద నిప్పు అంటని పొర వేయాలి. పెంకులు కప్పే ముందు ఇన్‌స్పెక్టర్ ఎక్కి ఆ పొర చూసి సంతకం పెట్టాలి. అప్పుడే దాన్ని ‘ఎ’ క్లాసు కప్పు, అంటే నిప్పుకి తట్టుకునే మొదటి రకం, అంటారు. క్వెయిల్ హిల్ మీద నేను ముప్పై నాలుగు ఇళ్లు చేశాను. ముప్పై నాలుగింటికీ ఓటిస్ మెరిక్ సంతకం ఉంది. నేను మోసం చేశానంటే ఆయన గుడ్డివాడన్నా అయ్యుండాలి, దొంగన్నా అయ్యుండాలి. రెండింట్లో ఏది వెళ్లి ఆయన పెళ్లానికి చెబుతారో మీరే తేల్చుకోండి."

 రాత్రంతా నెల్ తప్పించుకు తిరిగిన ప్రశ్న అదే.

"మంగళవారం పది నుంచి ఒంటిగంట దాకా ఎక్కడున్నావు?"

"సిటీ ఆఫీసులో, పర్మిట్ల కౌంటరు ముందు బల్ల మీద. టోకెన్ నంబరు అరవై రెండు. తొమ్మిదిన్నరకి కూర్చుంటే ఒంటిగంటా పావుకి పిలిచారు. నెత్తి మీద కెమెరా ఉంది, అడగండి." పైక్ ట్రక్కు తలుపు తీశాడు. "ఇంకో మాట. మీరన్నదే నిజమనుకోండి. ఇది అక్టోబరు. గాలి మొదలైంది. ముప్పై నాలుగు కప్పులు పీకించి ఆ జనాన్ని ఎక్కడ పడుకోబెడతారు? మళ్లీ వేయడానికి ఎవరున్నారు? నేనేగా."

నెల్ జీపు ఎక్కింది. మలుపు తిరుగుతూ అద్దంలో చూస్తే పైక్ అప్పటికే ఫోను చెవికి పెట్టుకుని ఉన్నాడు. దారిలో ఆమె కూడా పర్మిట్ల కౌంటరుకి ఫోన్ చేసింది. గుమస్తా పుస్తకం తిరగేసి చెప్పాడు. టోకెన్ అరవై రెండు, పైక్, ఒంటిగంటా పదహారు. పొద్దుటి నుంచీ ఆ బల్ల మీద గురక పెట్టింది అతనేనట.

అంటే ఓటిస్ చనిపోయినప్పుడు పైక్ ఆ దరిదాపుల్లో లేడు.

పదీ ఇరవై అయిదుకి నెల్ క్వెయిల్ హిల్ ఎక్కింది. కొండకి ఒకటే రోడ్డు, ఒక బండి వస్తే ఇంకో బండి పక్కకి తప్పుకోవాలి. గాలి వేసినప్పుడల్లా తీగలు తెగి నిప్పు రాజుకుంటుందని కంపెనీ కరెంటు ఆపేస్తుంది. సోమవారం సాయంత్రం ఆపింది ఇంకా ఇవ్వలేదు. ప్రతి పెరట్లోనూ జనరేటరు మోగుతోంది. జీపు దిగి తలుపు వేస్తే ఆ చప్పుడు ఆమెకే వినపడలేదు.

పద్దెనిమిదో నంబరు ఇల్లు ఇడా లిండ్‌గ్రెన్‌ది. డెబ్బై రెండేళ్ల మనిషి, భర్త పోయి ఏడేళ్లు. నలభై ఏళ్లు పియర్ తోటల్లో కాయలు కోసింది. ఇప్పటికీ నిటారుగా నడుస్తుంది. తలుపు పక్క అద్దానికి లోపలి నుంచి సిటీ పత్రం అంటించి ఉంది. ‘ఎ’ క్లాసు కప్పు, తనిఖీ అయింది, కింద ఓటిస్ సంతకం.

"అటక చూడాలి ఇడా గారూ. అయిదు నిమిషాలు."

"మంగళవారం పోలీసులు ఇల్లంతా తొక్కిపోయారు. ఇంకేం మిగిలింది తల్లీ చూడ్డానికి?"

"వాళ్లు అటక ఎక్కలేదు."

 ఇడా పక్కకి తప్పుకుంది.

బట్టల అల్మరా పైన చెక్క మూత. దాన్ని తోసి నెల్ పైకి పాకింది. టార్చి వేసింది. అరవై ఏళ్ల కిందటి ఇల్లు. ఆ కాలంలో వాసాల మీద బద్దలు దగ్గర దగ్గరగా కొట్టేవారు కాదు, బద్దకీ బద్దకీ మధ్య అరచెయ్యి పట్టేంత సందు వదిలి, వాటి మీద దేవదారు చెక్క పలకలు పేర్చేవారు. ఆ పలకలు పీకేసి ప్లైవుడ్ పరిచి ఉంటే, కింద నుంచి చూసినప్పుడు ఆ సందుల్లో కొత్త ప్లైవుడ్ తెల్లగా కనపడాలి.

సందుల్లో కనపడింది బూడిదరంగు చెక్క. ఎండి, అంచులు పైకి లేచి, పొరలు పొరలుగా విచ్చుకున్న దేవదారు. ఒక అంచు పట్టుకుని లాగితే అప్పడంలా విరిగి చేతిలోకి వచ్చింది.

పైక్ ఏదీ పీకలేదు. పాత కప్పు మీదే అడ్డబద్దలు కొట్టి, వాటి మీద రేకు పెంకులు బిగించేశాడు. టార్చి ఆర్పి చూరు వైపు చూస్తే పెంకుల చివర్లు మూయకుండా వదిలేసిన చోట పగటి వెలుతురు వరసగా కనపడింది. నిప్పురవ్వ దూరడానికి వేలు పట్టే సందు చాలు. ఇక్కడ పిడికిలి పట్టేట్టుంది. గాలి ఆ సందుల్లోంచి దూరి ఎండు చెక్క మీదుగా ఈల వేస్తోంది.

రెండు వాలులూ కలిసే కొప్పుకి దగ్గర్లో రెండు పెంకులు మరలు విప్పి పక్కకి జరిపి ఉన్నాయి. వాటి కింద చెక్క పలకని సుత్తితో పగలగొట్టిన కన్నం. కన్నం అంచులు కొత్తవి.

ఓటిస్ చూశాడు. చనిపోయే ముందు ఇదంతా ఆయనకి తెలుసు.

"దిగు నెల్," కింద నుంచి ఒక మగ గొంతు. "ఈ వయసులో అటకలెక్కితే నడుం పట్టేస్తుంది."

సార్జెంట్ డ్వైట్ కోబర్న్. ఓటిస్ ఫైలు మూసింది అతనే. పదేళ్ల కిందట అతను పట్టుకున్న ఒక కేసులో, ఆ ఇల్లు ఎవరూ తగలబెట్టలేదు, పొయ్యి గొట్టంలో పగులు వల్ల కాలిందని నెల్ కోర్టులో సాక్ష్యం చెప్పింది. ముద్దాయిని వదిలేశారు. కోబర్న్‌కి రావలసిన ప్రమోషన్ అక్కడే ఆగింది.

ఇద్దరూ ఇంటి వెనక గచ్చు మీదకి వచ్చారు. కొండవాలులో కట్టిన ఇల్లు. ముందు వైపు ఒక అంతస్తు ఎత్తే, వెనక వైపు రెండంతస్తులు.

"పైక్ ఫోన్ చేశాడని నేనొచ్చిన పావుగంటలో దిగావు," అంది నెల్. "ఊళ్లో వాళ్లు ఫోన్ చేస్తే నలభై నిమిషాలు పడుతుందిగా నీకు."

"మూసిన కేసులో నువ్వు జనాన్ని పీడిస్తున్నావని ఫిర్యాదు వచ్చింది. వచ్చాను. చెప్పు, ఏం పీకావు?"

"నువ్వు చూడనివి. ఓటిస్ ట్రక్కు ఈ ఇంటి ముందు ఆగింది పదీ నాలుగుకి. ఇడా ఎమర్జెన్సీకి ఫోన్ చేసింది పన్నెండూ యాభై రెండుకి. మోకాలికి పట్టీ కట్టుకున్న మనిషి అంతసేపు ఎండలో కప్పు మీద ఏం చేశాడు?"

"పని. అందరూ నీలాగా గంటల లెక్కన జీతం తీసుకోరు."

"రెండు పెంకులు విప్పాడు. పది నిమిషాల పని." నెల్ పైకి చూపించింది. చూరు వెంట వాననీళ్లకి బిగించిన రేకు కాలువ ఒకచోట విల్లులా కిందికి వంగి ఉంది. పక్కనే గోడ మీదుగా నీటి గొట్టం దిగుతోంది. "డాక్టర్ రిపోర్టు చదివావా? రెండు చేతులకీ ఎనిమిది వేళ్ల లోపల అడ్డంగా కోతలు. కాలువ అంచు కోసింది. జారి పడ్డవాడికి వేళ్లు అలా తెగవు, వేలాడినవాడికి తెగుతాయి. దూకడానికి మోకాలు సహకరించక, ఈ గొట్టం పట్టుకుని దిగుదామనుకున్నాడు. ముందు వైపు నిచ్చెన ఉన్న మనిషి వెనక నుంచి గొట్టం పట్టుకుని ఎందుకు దిగుతాడు?"

కోబర్న్ గడ్డం గోక్కున్నాడు.

"నిచ్చెన ఉంది. నా ఫొటోలోనే ఉంది."

"నీ ఫొటోలోనే చూశాను నేనూ." నెల్ కోటు జేబులోంచి ఆ ఫొటో తీసింది. "రెండు భాగాల జారుడు నిచ్చెన. పైకి జరిపే భాగం ఎప్పుడూ ఎక్కేవాడి వైపు ఉండాలి. ఇందులో గోడ వైపు ఉంది, తిరగేసి పెట్టారు. నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు ఇలా పెడితే ఓటిస్ నా చేత యాభై సార్లు తీయించి పెట్టించాడు. ఇది ఆయన పెట్టింది కాదు. ఆయన పైనుండగా ఎవరో నిచ్చెన తీసేశారు. పడ్డాక తెచ్చి పెట్టారు."

"పైక్ అంటావు."

"పైక్ కాదు. కౌంటరు ముందు గురక పెడుతున్నాడు. కనుక్కున్నాను."

కోబర్న్ మొహం తిప్పుకున్నాడు. 

"అటకలో ఏముంది?"

నెల్ విరిచిన చెక్క ముక్క అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పాడు. బొటనవేలితో నొక్కితే పొడి రాలింది.

"ముప్పై నాలుగూ ఇంతేనా?"

"తెలీదు. ఒకటే చూశాను. మిగతావి తెలియాలంటే తలుపు తలుపూ తట్టి అటకలెక్కాలి."

"నలభై ఒకటో నంబరు నాది," అన్నాడు కోబర్న్.

నెల్‌కి ముందు అర్థం కాలేదు. అతను రోడ్డు పైకి చూపించాడు. నాలుగు మలుపుల పైన, కొండ భుజం మీద ఎర్రటి రేకు పెంకుల కప్పు.

"పైక్ వేసిందే. జూన్‌లో. ఓటిస్ తనిఖీకి వచ్చిన రోజు మా పెరట్లో మాంసం కాలుస్తున్నాం. కూర్చుని తిన్నాడు. కప్పు ఎక్కలేదు. మోకాలు సలుపుతోంది డ్వైట్ అన్నాడు. ముగ్గురి పని ఒక్కడి నెత్తిన వేశారు, రోజుకి పన్నెండు ఇళ్లు చూడమంటున్నారు, ఎలా చూడను అన్నాడు. పోనీలే ఓటిస్, పెట్టెయ్ అన్నాను నేనే. బల్ల మీద పళ్లెం పక్కన పెట్టుకుని సంతకం చేశాడు."

"అందుకేనా ఫైలు మూసేశావు?"

"తెరిస్తే ఏమవుతుందో చెప్పు నాకు. ఆ పత్రాలు చెల్లవంటారు. ముప్పై నాలుగు ఇళ్లకీ ఒకే రోజు ఇన్సూరెన్స్ పోతుంది. ఇన్సూరెన్స్ లేని ఇంటి మీద బ్యాంకు అప్పు ఉంచదు. ఎవడూ కొనడు. కొత్త కప్పు వేసేవాడు లేడు. నీ దగ్గర జవాబుందా నెల్? ఉంటే ఇప్పుడే వెళ్లి తెరుస్తాను."



"కాఫీ అయింది," అంది ఇడా. వెనక గుమ్మంలో ఆమె ఎంతసేపటి నుంచి నిలబడి ఉందో ఇద్దరూ గమనించలేదు. "లోపలికి రండి. నిలబడి మాట్లాడుకునే మాటలు కావివి."

వంటింట్లో గుండ్రటి బల్ల. ఇడా మూడు కాఫీ కప్పులు పెట్టింది. పియర్ మురబ్బా సీసా మూత తీసి రొట్టె పక్కన పెట్టింది. రొట్టె జోలికి ఎవరూ పోలేదు.  అడగదలచుకున్న ప్రశ్న నెల్‌కి పొద్దున పైక్‌ని అడిగినంత తేలిగ్గా రాలేదు.

"మంగళవారం పది నుంచి ఒంటిగంట దాకా మీరెక్కడున్నారు ఇడా గారూ?"

"ఇక్కడే. ఈ కుర్చీలోనే."

"నిచ్చెన మీరే తీశారా?"

"తీశాను."

కోబర్న్ చేతిలోని కాఫీ కప్పు బల్ల మీద పెట్టేశాడు. ఇడా అతని వైపు చూడలేదు. నెల్ వైపే చూస్తూ చెప్పింది, కూర ఎలా వండిందో చెబుతున్నట్టు, ఏదీ దాచకుండా.

"చెక్క కప్పుంటే ఇన్సూరెన్స్ రద్దు అని ఉత్తరం వచ్చింది. నిరుడు ఆగస్టులో. సరే మార్చుకుందాం అనుకున్నాను. సిటీ ఆఫీసువాళ్లు చెక్క ఉండకూడదన్నారు. మా కాలనీ సంఘం వాళ్లు ఉత్త రేకు వేస్తే ఒప్పుకోం, చూడ్డానికి పెంకుల్లా ఉండాలన్నారు. మట్టి పెంకు వేద్దామంటే ఈ వాసాలు ఆ బరువు మోయవు, ఇంజనీరు కాగితం తెమ్మన్నారు. ఇంజనీరు మూడు నెలలకి వచ్చాడు. ఎనిమిది నెలలు తిరిగాను తల్లీ. ఒకరు కావాలన్నదాన్ని ఒకరు వద్దన్నారు. ఆఖరికి పైక్ వచ్చి పెంకుల్లా కనపడే రేకు మూడు రోజుల్లో వేసిపోయాడు. ఆ పత్రం తలుపుకి అంటించుకున్న రోజు నేను కడుపునిండా తిన్నాను."

"ఓటిస్ మంగళవారం ఏమన్నాడు?"

"ఇడా, నేను చూడకుండా సంతకం పెట్టాను, నిద్ర పట్టడం లేదు, నీ ఇంటితోనే మొదలుపెడతాను, నువ్వు నన్ను తిట్టవు అన్నాడు. ఎక్కాడు. విప్పి చూశాడు. చెక్క అలాగే ఉంది, నన్ను క్షమించు, ఆఫీసుకి వెళ్లి పత్రం రద్దు చేస్తాను అన్నాడు. మరి ఇన్సూరెన్సు అన్నాను. తల అడ్డంగా ఊపాడు." ఇడా తన చేతులు బల్ల మీద పెట్టి చూసుకుంది. "నలభై ఏళ్లు నిచ్చెనలు మోసిన చేతులు. తీసి పక్కన పడుకోబెట్టాను. ఒక్క గంట ఆలోచించుకోనీ ఓటిస్ అన్నాను. అంతే అనుకున్నాను. ఆయన ఫోను ట్రక్కులో ఉంది."

"పిలిచాడా?"

"ముందు నవ్వుతూ పిలిచాడు. ఇడా, వేళాకోళం చాలు, దించు అని. తర్వాత నీళ్లడిగాడు. తర్వాత అరిచాడు. జనరేటర్ల మోతలో ఎవరికీ వినపడలేదు. నాకు వినపడింది."

"మరి ఎందుకు పెట్టలేదు?"

"పెడితే దిగుతాడు. దిగితే వెళ్తాడు."



"పన్నెండున్నర దాటాక లేచాను. చెయ్యి పట్టి దించి నీళ్లిద్దామనే లేచాను. నువ్వు నమ్మకపోయినా సరే. నిచ్చెన మోసుకుంటూ ముందు వైపుకి వస్తున్నాను. ఇంటి వెనక చప్పుడైంది. నిచ్చెన గోడకి ఆనించి పరుగెత్తాను. తోటల్లో మావి మూడు కాళ్ల నిచ్చెనలు. ఈ నిచ్చెనకి ముందూ వెనకా ఉంటాయని నాకు తెలీదు."

నెల్ నమ్మింది. నమ్మడం వల్ల ఒరిగేదేమీ లేదు. హంతకుడు దొరికితే వెరాకి ఏదో ఒక ఊరట తీసుకెళ్లొచ్చనుకుంది ఆమె. ఇప్పుడు తీసుకెళ్లడానికి మిగిలింది, మీ ఆయన చూడకుండా ముప్పై నాలుగు సంతకాలు పెట్టాడు అన్న మాట ఒక్కటే.

కోబర్న్ లేచాడు. బేడీల మీద చెయ్యి వేశాడు, తీయలేదు.  అప్పుడే అతని నడుం దగ్గర రేడియో పలికింది. పదకొండూ ముప్పై ఎనిమిది. లోయ అవతలి రోడ్డు పక్క గడ్డి అంటుకుంది. గాలి గంటకి యాభై మైళ్లు, సూటిగా క్వెయిల్ హిల్ మీదకి. కొండ మీద ఉన్నవాళ్లందరినీ వెంటనే ఖాళీ చేయించాలి.

ముగ్గురూ బయటికి వచ్చారు. లోయ అవతల పొగ పైకి లేవడం లేదు. నేలకి అడ్డంగా, వాళ్ల వైపే పరుచుకుని వస్తోంది.

కోబర్న్ ఫోన్ చేశాడు. రెండుసార్లు తగల్లేదు. మూడోసారి తగిలింది. భార్య డానా గొంతు గాలిలో ముక్కలు ముక్కలుగా వినపడింది.

"కనపడుతోంది డ్వైట్... నాన్న కప్పెక్కాడు, నీళ్ల పైపు పట్టుకుని. దిగమంటే దిగడం లేదు... ‘ఎ’ క్లాసు కప్పు మనది, ఏం కాదంటున్నాడు. నువ్వేగా చెప్పావు..."

"డానా, విను. ఆ కప్పు..."

లైను పోయింది. టవర్లకీ కరెంటు లేదు.

"ఇడాని నువ్వు తీసుకెళ్లు," అన్నాడు కోబర్న్. సమాధానం కోసం ఆగకుండా కారెక్కి పైకి వెళ్లిపోయాడు.

ఇడా చేతిసంచీ తెచ్చుకుంది. గుమ్మం దగ్గర ఆగి, "తాళం వేయనా?" అని అడిగింది.  ఇడా తాళం వేసి, లాగి చూసి, జీపెక్కింది.

కిందికి వెళ్లే దారి ఖాళీగా ఉంది. అదే నెల్‌ని భయపెట్టింది. ఈపాటికి కొండ మీద కార్లన్నీ వరసకట్టి దిగుతూ ఉండాలి. జనం పెరళ్లలో ఉన్నారు, జనరేటర్లకి మోటార్లు తగిలించి కప్పులు తడుపుకుంటూ. ప్రతి తలుపు మీదా అదే పత్రం.

ఆమె జీపుని పైకి తిప్పి, ఇరవయ్యో నంబరు దగ్గర ఆపి తలుపు కొట్టింది. చంకలో పసిపిల్లతో ఒక అమ్మాయి తీసింది. నెల్ మాట పూర్తవక ముందే లోపలికి పరుగెత్తి పాలసీసా తెచ్చుకుని కారెక్కింది. ఇరవై రెండో నంబరులో ఎవరూ పలకలేదు. ఇరవై నాలుగో నంబరు పెద్దమనిషి పైపు కింద పెట్టకుండానే మాట్లాడాడు.

"కిందటిసారి పారిపోయినవాళ్ల ఇళ్లే కాలాయమ్మా. నిలబడ్డవాళ్లవి మిగిలాయి. మాది ‘ఎ’ క్లాసు కప్పు."

"కాదు. పెంకుల కింద పాత చెక్క అలాగే ఉండొచ్చు. రవ్వలు చూరులోంచి లోపలికి దూరతాయి. మీ నీళ్లు పైపైనే జారిపోతాయి."

"ఓటిస్ చూసి సంతకం పెట్టాడే."

"ఓటిస్ చూడలేదు," అంది నెల్. ఆ మాట ఆమె పైకి అనడం అదే మొదలు. "ఓటిస్ కప్పు ఎక్కలేదు. నాకు తెలుసు. ఆయన నా స్నేహితుడు."

పెద్దమనిషి ఆమెని ఎగాదిగా చూశాడు.

"పాతిపెట్టి రెండు రోజులు కాలేదు ఆయన్ని. స్నేహితులంటే ఇలాగేనా మాట్లాడేది? వెళ్లమ్మా."

ఇరవై ఆరో నంబరువాళ్లు తలుపు తీయలేదు. ఇరవై ఎనిమిదో నంబరు ఆయన నవ్వాడు. ముప్పయ్యో నంబరు భార్యాభర్తలు నమ్మారు, కానీ గ్యారేజీ తలుపు కరెంటుతో లేచేది, చేత్తో లేపడం వాళ్లకి తెలియదు. నెల్ లేపి పెట్టేసరికి ఆరు నిమిషాలు పోయాయి. అప్పటికి రోడ్డు మీద రవ్వలు దొర్లుతున్నాయి, ఎండుటాకుల్లా, చప్పుడు లేకుండా. కొన్ని ఆమె బూటు పక్కనే ఆరాయి. కొన్ని ఎగిరి చూరుల కిందికి వెళ్లి మళ్లీ బయటికి రాలేదు.

జీపు దగ్గరికి పరుగెత్తుకొచ్చేసరికి ఇడా కిందికి దిగి నిలబడి ఉంది. పైకి చూస్తోంది.

"నెల్. అదుగో ఆ ఇల్లు."

నలభై ఒకటో నంబరు. మలుపులో ఒక ట్రాలీ అడ్డం తిరిగి ఎంత తోసినా కదలకపోతే కోబర్న్ కారు వదిలేసి రోడ్డు వెంట పైకి పరుగెడుతున్నాడు. ఇంకా రెండు మలుపుల దూరం. ఎర్ర పెంకుల మీద, కొప్పుకి అటో కాలు ఇటో కాలు వేసి ఒక ముసలాయన నీళ్లు కొడుతున్నాడు. నీళ్లు పెంకుల మీదుగా తళతళలాడుతూ జారి కిందికి పోతున్నాయి. పైన ఎక్కడా నిప్పు లేదు. అతని కాళ్ల కింద, పెంకుకీ పెంకుకీ మధ్య సందుల్లోంచి, కప్పు పొడుగునా గోధుమరంగు పొగ వరసలు వరసలుగా బయటికి వస్తోంది.

ముసలాయన చూసుకోలేదు. కింద రోడ్డు మీద ఇద్దరు ఆడవాళ్లు తన వైపే చూస్తూ చేతులు ఊపడం చూశాడు. పైపు ఒక చేతిలోకి మార్చుకుని, ఏం భయం లేదన్నట్టు రెండో చెయ్యి ఎత్తి ఊపాడు.